కొలత తప్పని చక్రం

భిలాయిలోని క్యాంప్ 1 ఉక్కు కర్మాగారాన్ని కట్టడానికి వచ్చిన కూలీల నివాసాలతో మొదలైన పేట. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ నాలుగేళ్ళలో మట్టి తవ్వినవాళ్ళు, కాంక్రీటు మోసినవాళ్ళు, ఇనుప దూలాలు పైకెత్తినవాళ్ళు దేశం నలుమూలల నుంచీ వచ్చారు. ఉత్తరాంధ్ర వాళ్ళకు దారి అప్పటికే ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గం 1931లోనే పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఆ బండెక్కి వచ్చిన కుటుంబాల బిడ్డలు, మనవలు ఇవాళ భిలాయి తెలుగువాళ్ళలో ఎందరో ఉన్నారు. సెక్టార్ 5లోని బాలాజీ గుడి, ఆంధ్ర సాహిత్య సమితి వాళ్ళు నిలబెట్టుకున్నవే. రైలు పట్టాలకు ఒకవైపు కంపెనీ కట్టిన సెక్టార్లు, చెట్ల నీడ రోడ్లు. పవర్ హౌస్ స్టేషన్ దాటి రెండోవైపు క్యాంపులు, నందిని రోడ్డు, చిన్నా పెద్దా ఫౌండ్రీలు, ఇంజనీరింగ్ షెడ్లు. కర్మాగారానికి కావలసిన చేతిపని ఈ రెండోవైపునే ఎక్కువగా పెరిగింది.

ఈ ఊరు ఉక్కు చేస్తుంది గాని కారు చక్రాలు చేయదు. కారు రిమ్ముకు కావలసిన పలుచని ఉక్కు చుట్టలు బొకారో, రూర్కెలా లాంటి చోట్ల తయారవుతాయి. రైలు చక్రాలు దుర్గాపూర్‌లో, బెంగళూరు యలహంకలో తయారవుతాయి. భిలాయి ప్రధానంగా చేసేది 1960 నుంచి చక్రం దొర్లే రైలు పట్టాలు, 1980ల నుంచి వెడల్పాటి ప్లేట్లు. అయినా శక్తిమంతమైన సెడాన్ కారుకు బయటి నుంచి చక్రాలు కొని వేయించుకునే అలవాటు గురించి మాట్లాడటానికి ఈ ఊరికి మించిన చోటు లేదని నా నమ్మకం. ఆ అలవాటుకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. దాన్ని వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. బయటి చక్రం అవసరం కొద్దీ పుట్టింది. కొలతను, పరీక్షను నమ్ముకున్నంతకాలం బండికి మేలు చేసింది. చూపు ఒక్కటే లెక్క అయిన రోజు నుంచి కీడు చేయడం మొదలుపెట్టింది. కొలతకు, పరీక్షకు తలవంచి బతికే ఉక్కు ఊరి మనిషి ఆ తేడాను అందరికన్నా ముందు పట్టుకోగలడు, పట్టుకోవాలి.

మొదట అవసరం సంగతి. మోటారు కార్లు వచ్చిన తొలి ఏళ్ళలో వాటికి అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పగిలితే రోడ్డు పక్కనే గంటల తరబడి ఊడదీసి అతుకు వేసుకోవాలి. వేల్స్‌లోని లానెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధికి చెందిన డేవిస్ సోదరులు 1904లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని ఒక రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు, పాడైన చక్రానికి బిగించడానికి పట్టీలు. మనం ఇప్పటికీ డిక్కీలో పెట్టుకుని తిరిగే స్టెప్నీకి పేరిచ్చింది వాళ్ళ సరుకే. కారు చేసిన కంపెనీ ఇవ్వని చక్రాన్ని మరొకరు చేసి అమ్మడం అన్న వ్యాపారానికి ఇది తొలి పెద్ద ఉదాహరణల్లో ఒకటి. మన పల్లెల్లో ఇలాంటిదే మరో మార్పు జరిగింది. ఇనుప పట్టా వేసిన కర్ర చక్రాల బండి పోయి టైరు బండి వచ్చింది. గతుకుల్లో ఎద్దుల మెడ మీద పడే దెబ్బ తగ్గింది, బరువు ఎక్కువ మోయగలిగింది, రోడ్డు పాడవడమూ తగ్గింది. కానీ ఆ మార్పు చేసిన వడ్రంగి, కమ్మరి పాత ఇరుసు మీద కొత్త టైరు తగిలించి ఊరుకోలేదు. బేరింగులున్న ఇరుసు వేశారు, బండి ఎత్తు మార్చారు, కాడి ఎత్తుకు దాన్ని సరిచూశారు. చక్రం మారితే బండి అంతా మారుతుందన్న జ్ఞానం మోటారు మెకానిక్కుల కన్నా ముందు వాళ్ళకు తెలుసు.

మెరిసే అల్యూమినియం చక్రం కూడా సింగారం కోసం పుట్టలేదు. 1924లో ఫ్రాన్స్‌లోని లియోన్ గ్రాండ్ ప్రీ పందెంలో ఎత్తొరె బుగాట్టి తన టైప్ 35 కారును దింపాడు. దానికి ఎనిమిది వెడల్పాటి ఆకులున్న పోత అల్యూమినియం చక్రాలు, వాటిలోనే కలిసిపోయిన బ్రేకు డ్రమ్ములు ఉన్నాయి. తీగల చక్రం కన్నా అది గట్టిగా ఉంటుంది, బ్రేకు వేడిని త్వరగా బయటికి పంపుతుంది, చక్రం ఊడదీస్తే బ్రేకు కంటికి కనిపిస్తుంది. ఆ పందెంలో బుగాట్టి కార్లను టైర్లు దెబ్బతీశాయి గాని చక్రాలు నిలబడ్డాయి. తర్వాత అమెరికా పందేల్లో మెగ్నీషియం చక్రాలు, 1966లో పోర్షే 911 ఎస్ కోసం సుత్తిపోటుతో రూపు దిద్దిన ఫుక్స్ చక్రం, 1970లో జర్మనీలోని షిల్టాక్‌లో మొదలైన బీబీఎస్ కంపెనీ, జపాన్‌లో ఎన్‌కే, రేస్ లాంటి కంపెనీలు అదే దారిలో నడిచాయి. వాళ్ళందరి ముందూ ఉన్న లెక్క ఒకటే. స్ప్రింగు కింద వేలాడే బరువు ఎంత తగ్గితే చక్రం రోడ్డును అంత బాగా పట్టుకుంటుంది. బరువు తగ్గించాలి, బలం తగ్గకూడదు. అందం ఈ లెక్క కుదిరాక వచ్చింది. మన కాలానికి వచ్చేసరికి కొనేవాడికి ఆ అందం మాత్రమే కనిపించింది. దాని వెనక ఉన్న లెక్క కళ్ళకు ఆనలేదు.

మన దేశంలో ఈ ముచ్చటకు చాలాకాలం చోటే లేదు. ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కు 15 అంగుళాల ఉక్కు రిమ్ములు, కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మినికి 14 అంగుళాల ఉక్కు రిమ్ములు. కారు కోసమే ఏళ్ళ తరబడి వరసలో నిలబడే రోజుల్లో చక్రం ఎంచుకునే మాట ఎక్కడిది? 1960లో చెన్నై శివారు పాడిలో టీవీఎస్ కుటుంబం మొదలుపెట్టిన వీల్స్ ఇండియా లాంటి కంపెనీలు కార్లకు, లారీలకు ఉక్కు చక్రాలు అందించాయి. ఉక్కు చక్రం తయారీ సూటైన పని. పట్టీని గుండ్రంగా వంచి అంచులు అతికి రిమ్ము చేస్తారు, మధ్య బిళ్ళను ప్రెస్సులో నొక్కి దానికి వెల్డింగ్ చేస్తారు. గుంతలో పడితే వంగుతుంది, ఊళ్ళో సుత్తితో సరిచేసుకోవచ్చు. టైరు పక్కగోడ ఎత్తుగా ఉండేది కాబట్టి దెబ్బలో ఎక్కువ పాలు టైరే మింగేది. సింగారించుకోవాలన్న వాళ్ళు మెరిసే వీల్ కప్పులు తగిలించుకునేవాళ్ళు. అవి ఊడి పడితే పోయేది కప్పే, ప్రాణం కాదు. సింగారాన్నీ బరువు మోసే పనినీ వేరువేరుగా ఉంచిన కాలమది. ఆ రోజులు గొప్పవని నేను అనను. కొరత నిండిన రోజులు. కానీ ఆ ఒక్క విషయంలో ఆ కాలం మనకన్నా భద్రంగా ఉంది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 1984లో కాంటెస్సా, 1990లో మారుతి 1000 వచ్చాయి. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కరలేకుండా పోయింది. ఆ తర్వాత పదేళ్ళలో విదేశీ కంపెనీలు వరసగా దిగాయి. చక్రాల ముచ్చట నిజంగా పుట్టింది అప్పుడే. దానికి కారణం కంపెనీల ధరల పట్టికలోనే ఉంది. ఒకే కారును రెండు మూడు మెట్లుగా అమ్మేవాళ్ళు. కింది మెట్టుకు ఉక్కు రిమ్ము, ప్లాస్టిక్ కప్పు. పై మెట్టుకు అల్లాయ్ చక్రం. ఇంజన్ అదే, ఒళ్ళు అదే. చక్రం చూసి యజమాని అంతస్తు చెప్పగలిగే ఏర్పాటు. కింది మెట్టు కొన్నవాడు తేడాను బజారులో తక్కువ డబ్బుకు పూడ్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కోరిక తీర్చడానికి పోత అల్యూమినియం చక్రాలు చైనా, కొరియా, థాయ్‌లాండ్ నుంచి కంటైనర్లలో వచ్చాయి. 12 నుంచి 24 అంగుళాల దాకా ఉన్న ఈ దిగుమతుల మీద 2015లో కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం వేసిందంటే ఆ వరద ఎంతటిదో ఊహించుకోవచ్చు. తర్వాత హర్యానాలోని బావల్, గుజరాత్‌లోని మెహసానా లాంటి చోట్ల ఇక్కడే అల్లాయ్ కర్మాగారాలు లేచాయి. వస్తువు చవకైంది, దొరకడం తేలికైంది. దాన్ని ఎలా ఎంచుకోవాలన్న విద్య మాత్రం అంత వేగంగా చేతికి రాలేదు.

ఈ విద్య లేని లోటు మామూలు కారులో కన్నా బలమైన సెడాన్‌లో ఎక్కువ బయటపడుతుంది. 2000 ప్రాంతంలో హోండా సిటీ వీటెక్ మన కుర్రకారుకు వేగం రుచి చూపించింది. 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 150 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్ ఇంజన్‌తో వచ్చింది. తర్వాత ఫియట్ లీనియా టీజెట్, 2017లో 230 హార్స్‌పవర్ ఆక్టేవియా ఆర్ఎస్, 2020లో 200 కార్లు మాత్రమే అమ్మిన 245 హార్స్‌పవర్ ఆర్ఎస్, 2022లో స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్ వచ్చాయి. ఈ కార్లను కొత్తగా కొన్నవాళ్ళు కొద్దిమందే అయినా, చేతులు మారి చిన్న ఊళ్ళకు చేరినప్పుడు కుర్రాళ్ళు మొదట చూసేది చక్రాల వైపే. నూటయాభై హార్స్‌పవర్ కారులో వేగం పెరిగే కొద్దీ బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు చక్రం మీద పడే ఒత్తిడి కూడా పెరుగుతుంది. అందుకే ఇలాంటి కారుకు చక్రం ఎంచుకోవడం చొక్కా ఎంచుకున్నంత తేలిక కాదు.

అంగుళాల లెక్కతో మొదలుపెడదాం, ఎందుకంటే షాపులో మొదటి మాట అదే. వర్టస్, స్లావియా పై మెట్టు కార్లకు కంపెనీ ఇచ్చే టైరు 205/55 ఆర్16, అంటే 205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 55 శాతం పక్కగోడ ఎత్తు, 16 అంగుళాల రిమ్ము. దాని పక్కగోడ ఎత్తు దాదాపు 113 మిల్లీమీటర్లు, మొత్తం ఎత్తు దాదాపు 632. రిమ్ము 17 అంగుళాలకు పెంచి 215/45 వేస్తే పక్కగోడ 97కు తగ్గుతుంది, మొత్తం ఎత్తు 625. తేడా ఒక శాతమే కాబట్టి స్పీడోమీటరు పెద్దగా అబద్ధమాడదు. 18 అంగుళాలు, 225/40 వేస్తే పక్కగోడ 90, మొత్తం ఎత్తు 637. మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంది, కానీ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్న గాలి దిండు నాలుగున్నర అంగుళాల నుంచి మూడున్నరకు దిగింది. దీనికి ఫలం ఉంది. మలుపులో టైరు తక్కువ వంగుతుంది, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. దీనికి ఖరీదూ ఉంది. గుంతలో అంచు పడితే దెబ్బ నేరుగా రిమ్ముకు, అక్కడి నుంచి సస్పెన్షన్‌కు చేరుతుంది. పైగా పెద్ద రిమ్ము చవక రకమైతే కంపెనీ ఇచ్చినదానికన్నా బరువుగా ఉండొచ్చు. అప్పుడు బుగాట్టి మొదలుపెట్టిన లెక్కే తలకిందులవుతుంది. ఖనిజం లారీలు, సిమెంటు లారీలు రాత్రింబవళ్ళు నడిచే నందిని రోడ్డు లాంటి దారుల్లో రోజూ తిరిగే కారుకు ఒక అంగుళం దాకా పెంచడం సమంజసం. అంతకు మించితే రోడ్డును మరిచి ఫొటోను నమ్ముకున్నట్టే.

అంగుళాల తర్వాత అసలు కొలతలు వస్తాయి. మొదటిది పీసీడీ, అంటే బోల్టు రంధ్రాల మధ్యబిందువుల గుండా పోయే వలయం వ్యాసం. వర్టస్, స్లావియాలకు ఐదు రంధ్రాలు, 100 మిల్లీమీటర్లు. 2017, 2020 ఆక్టేవియా ఆర్ఎస్‌లకు ఐదు, 112. హోండా సిటీకి నాలుగు, 100. లీనియాకు నాలుగు, 98. మన బజారులో 98 చక్రాలు అరుదు, 100 చక్రాలు కోకొల్లలు. రెండు మిల్లీమీటర్లే కదా అని లీనియాకు 100 చక్రం బిగించిన సందర్భాలు ఎన్నో. బోల్టు ఎక్కుతుంది, బిగుస్తుంది, పైకి అంతా బాగానే ఉంటుంది. కానీ అది తన గుంటలో నిటారుగా కూర్చోదు. ఒకవైపు ఒత్తుకుని, బండి నడిచే కొద్దీ వదులవుతుంది. రెండోది సెంటర్ బోర్, అంటే చక్రం నడిమి రంధ్రం. ఫోక్స్‌వాగన్, స్కోడా హబ్బు బొడిపె 57.1 మిల్లీమీటర్లు. బయటి చక్రాలు అన్ని కార్లకూ సరిపోవాలని నడిమి రంధ్రాన్ని పెద్దగా చేస్తారు. ఆ సందును సరైన రింగుతో పూడ్చకపోతే చక్రం నడిమికి కుదురుకోదు, వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. ఆ వణుకును బ్యాలెన్సింగ్ సీసం ముక్కలతో పోగొట్టాలని చూడటం జ్వరానికి తడిగుడ్డ వేసి రోగం వదిలేసినట్టు.

మూడోది ఆఫ్‌సెట్. చక్రం హబ్బుకు ఆనే ముఖం, రిమ్ము నడిమి గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే అంకె ఇది. ఆరు అంగుళాల వెడల్పు, 40 ఆఫ్‌సెట్ ఉన్న చక్రం తీసి ఏడున్నర అంగుళాలు, 35 ఆఫ్‌సెట్ ఉన్నది వేశారనుకుందాం. లెక్క కడితే బయటి అంచు 24 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 14 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది. బయట ఫెండర్‌కు, లోపల సస్పెన్షన్ స్ట్రట్‌కు అంత సందు ఉందా అని కొలవకుండా బిగిస్తే మలుపులో రాపిడి మొదలవుతుంది. చక్రాలు బయటికి ఉబికితే కారు దిట్టంగా కనిపిస్తుందన్నది నిజమే. అలా ఉబికిన ప్రతి మిల్లీమీటరూ వీల్ బేరింగ్ మీద మీట వేసినట్టు అదనపు బరువు వేస్తుంది. స్టీరింగ్ లెక్కను కూడా మారుస్తుంది. నాలుగోది బోల్టు కూర్చునే గుంట ఆకారం. ఫోక్స్‌వాగన్, స్కోడా, హోండా కార్లలో కంపెనీ బోల్టు లేదా నట్టు తల గుండ్రంగా ఉంటుంది. బయటి చక్రాల్లో చాలావాటికి శంఖు ఆకారపు గుంట. గుండ్రటి తలను శంఖు గుంటలో బిగిస్తే ఆనేది సన్నని గీత మీదే. అయిదోది బరువు. 205/55 ఆర్16 టైరు మీద ఉండే 91 అన్న అంకెకు అర్థం 615 కిలోలు మోయగలదని. 215/45 ఆర్17 మామూలు రకం మీద ఉండేది 87, అంటే 545 కిలోలు. ఒక్కో చక్రానికి 70 కిలోల సామర్థ్యం డబ్బిచ్చి మరీ పోగొట్టుకున్నట్టు. అదే కొలతలో 91 ఉన్న ఎక్స్‌ట్రా లోడ్ రకం దొరుకుతుంది, అడిగిన వాడికే దొరుకుతుంది. చివరగా బిగింపు: ఫోక్స్‌వాగన్, స్కోడా బోల్టుకు కంపెనీ చెప్పేది 120 న్యూటన్ మీటర్లు, హోండా నట్టుకు 108. గాలి గన్ను చప్పుడును బట్టి కొలిచేది కాదు ఇది, టార్క్ రెంచితో కొలిచేది.

ఇంతవరకు చెప్పినవన్నీ టేపుతో, కళ్ళతో పట్టుకోగల కొలతలు. అసలు ప్రమాదం కంటికి కనపడనిచోట ఉంటుంది. ఈ మాట భిలాయికి ఎవరూ నేర్పనక్కర్లేదు. రైలు పట్టా విరగడం ఎప్పుడూ పైనుంచే మొదలుకాదు. ద్రవ ఉక్కులో కలిసిన హైడ్రోజన్ చల్లారాక లోపలే సన్నని పగుళ్ళుగా మారుతుంది, ఏళ్ళ తరబడి చక్రాల బరువుకు ఆ పగుళ్ళు పెరుగుతాయి. 1998 నవంబరు 26న పంజాబ్‌లోని ఖన్నా దగ్గర విరిగిన పట్టా మీద ఒక రైలు పట్టాలు తప్పింది, దాన్ని మరో రైలు ఢీకొంది, రెండు వందల మందికి పైగా చనిపోయారు. పట్టాల ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల పాళ్ళలో 1.6 దాటకూడదన్న నిబంధన, ద్రవ ఉక్కు నుంచి వాయువులు లాగే యంత్రాలు, ప్రతి పట్టాకూ అల్ట్రాసోనిక్ పరీక్ష, పట్టా నడుము మీద తయారీదారు పేరు, సంవత్సరం, హీట్ నంబరు (ఏ దఫా కరిగించిన ఉక్కో చెప్పే అంకె) ముద్ర: ఇవన్నీ ఎందుకున్నాయో ఈ ఊళ్ళో పనిచేసిన ప్రతి కుటుంబానికీ తెలుసు. ముద్ర లేని పట్టాను రైల్వే తీసుకోదు.

కారు చక్రానికీ ఇదే న్యాయం ఉంది. మామూలు పోత అల్లాయ్ చక్రం ఏ356 అన్న లోహంతో చేస్తారు. అల్యూమినియంలో దాదాపు ఏడు శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం. అచ్చులో పోశాక దాదాపు 540 డిగ్రీల దగ్గర కాల్చి, నీళ్ళలో చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల పాటు ఉంచుతారు. బలం వచ్చేది ఈ పాకంలోనే. పోతలో గాలి బుడగ మిగిలినా, పాకం సరిగా కాకపోయినా పైన రంగు ఒకేలా మెరుస్తుంది. అందుకే మూడు పరీక్షలు పెట్టారు: మలుపు ఒత్తిడిని లక్షల సార్లు తిప్పి చూసేది, బరువు పెట్టి దొర్లించి చూసేది, వంపుగా పెట్టి పైనుంచి బరువు జారవిడిచి చూసేది. మన దేశంలో కార్ల చక్రాలకు ఐఎస్ 9436, అల్లాయ్ చక్రాలకు ఏఐఎస్ 073 ప్రమాణాలున్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ పరీక్షిస్తాయి. జపాన్‌లో 1970ల నుంచి జేడబ్ల్యూఎల్ ముద్ర ఉంది. అది తయారీదారు తనకు తాను వేసుకునేది. దాని పక్కన వీఐఏ ముద్ర ఉంటే బయటి సంస్థ కూడా చూసిందని అర్థం. చక్రం వెనక భాగంలో వెడల్పు, ఆఫ్‌సెట్, మోయగల బరువు, పోత తేదీ, ఈ ముద్రలు పోతలోనే ఉండాలి. స్టిక్కరు మీద ఉన్నది ముద్ర కిందికి రాదు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది అనుభవం పేరు మీద వస్తుంది. ముద్ర లేని చక్రాలు వేసుకుని ఏళ్ళుగా తిరుగుతున్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, ఏమీ కాలేదు కదా అంటారు. లోహం అలసట అన్నది అలాంటిదే. విరిగే రోజు వరకు ఏమీ కాదు. ఖన్నా దగ్గరి పట్టా కూడా ఆ రాత్రి దాకా బళ్ళను మోస్తూనే ఉంది. రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. కంపెనీ చక్రం కూడా ఖర్చు కలిసొచ్చేలా చేసిందే, బయట మంచి కంపెనీ చేసిన చక్రం దానికన్నా తేలిక, గట్టి. అలాంటప్పుడు కంపెనీ ఇచ్చిందే వేదమనడం ఎందుకు అంటారు. ఇందులో నిజముంది. సుత్తిపోటుతో లేదా ఫ్లో ఫార్మింగ్‌తో (రిమ్మును దొర్లించి సాగదీసే పద్ధతితో) చేసిన మేలు రకం చక్రం కంపెనీ పోత చక్రం కన్నా అన్నివిధాలా మేలే కావొచ్చు. నా వాదన కంపెనీ చక్రం తరఫున కాదు, పరీక్ష తరఫున. మంచి చక్రం తనకు తానే సాక్ష్యం చూపిస్తుంది, అడగాల్సిన పని మనది. అంత డబ్బు లేనివాడు నకలు అల్లాయ్ కొనడం కన్నా కంపెనీ ఉక్కు రిమ్ము ఉంచుకోవడమే మేలు. అది గుంతలో వంగుతుంది, పగిలి రాలిపోదు.

మూడో అభ్యంతరం ఈ ఊరి వాళ్ళే అనగలిగింది. పగిలితే ఏముంది, ఇక్కడ వెల్డర్లకు కొదవా అంటారు. నిజమే, భిలాయి వెల్డర్ చేతికి దేశమంతా గిరాకీ ఉంది. ఆ చేతి మీద గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను. ఉక్కు రిమ్మును అతికినట్టు అల్యూమినియం చక్రాన్ని అతకడం కుదరదు. టిగ్ వెల్డింగుతో అతుకు అందంగా పడుతుంది, కానీ పోత తర్వాత ఇచ్చిన పాకం ఆ చుట్టుపక్కల చెడిపోతుంది, లోహం మెత్తబడుతుంది. దాన్ని తిరిగి తెచ్చే కొలిమి టైరు షాపులో ఉండదు. లోపలి అంచున చిన్న గీతను నిపుణుడు సరిచేయవచ్చేమో గాని ఆకు మీద, బోల్టు రంధ్రం దగ్గర, హబ్బు దగ్గర వచ్చిన పగులు అతికి మళ్ళీ రోడ్డు మీదికి పంపడం తప్పు. కాల్చి వంపు తీసిన చక్రం సంగతీ అంతే. నిప్పు సెగ తగిలిన పాకాన్ని నమ్మలేం. పనితనం అంటే ఏది చేయగలమో తెలియడంతో పాటు ఏది చేయకూడదో తెలియడం కూడా.

నాలుగోది చట్టం. 2019 జనవరి 9న కేరళ కేసులో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను చదివి, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంది. అదే ఏడాది చేసిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పులకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడొచ్చు. దీన్ని చూసి కొందరు ముచ్చటే నేరమైందని వాపోతారు. కంపెనీ అదే మోడల్ పై మెట్టుకు ఇచ్చే కొలతలో, ప్రమాణ ముద్ర ఉన్న చక్రం వేసుకున్నవాడికి రోడ్డు మీద భయపడాల్సిన అవసరం తక్కువ. ఫెండర్ దాటి పొడుచుకొచ్చిన చక్రాలకే ఆ భయం. చట్టం గీసిన గీత, భద్రత గీసిన గీత చాలావరకు ఒకచోటే కలుస్తాయి. ప్రభుత్వం చేయాల్సింది ఒకటి మిగిలింది. ఏ మోడల్‌కు ఏ వెడల్పు, ఏ ఆఫ్‌సెట్ దాకా అనుమతి ఉందో తయారీదారులతో పట్టిక అచ్చు వేయించి షాపులో కనపడేలా చేయాలి. జర్మనీలో చక్రంతో పాటు అలాంటి పత్రం ఇచ్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది.

చివరిది: కూలీల పేటగా పుట్టిన క్యాంప్ 1కు ఈ బలమైన కార్ల గొడవ ఎందుకన్న ప్రశ్న. కారు ఎవరిదైనా దాన్ని జాకీ ఎత్తి బోల్టు బిగించే చేతులు ఇలాంటి పేటలవే. చక్రం ఊడితే పక్కన సైకిలు మీద డ్యూటీకి పోయేవాడికీ ప్రమాదమే. సరిగా బిగిస్తే ఆ షాపుకే పేరు. ఉక్కు ఊళ్ళో తండ్రులు ముద్ర చూసి, కొలత చూసి, హీట్ నంబరు రాసుకుని బతికారు. ఆ క్రమశిక్షణను పిల్లలు టైరు షాపులోకి తీసుకురావాలి. చక్రం కొనేవాళ్ళకు నా విన్నపం ఇది: రంగు, అంగుళాలు తర్వాత చూడండి. ముందు చక్రాన్ని బోర్లా తిప్పండి, వెనక ముద్ర చదవండి, పీసీడీ, సెంటర్ బోర్, ఆఫ్‌సెట్, బరువు మీ కారు పుస్తకంతో సరిచూడండి, బోల్టులు టార్క్ రెంచితో బిగించమనండి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగింపు చూపించుకోండి. ఈ ఐదు పనులకూ ఒప్పుకోని షాపులో చక్రం ఎంత అందంగా ఉన్నా కొనకండి.